ఉద్యోగంలో చేరిన నర్సు రెజ్యూమెలో ఏం మారాలి?

నర్సింగ్ విద్యార్థి రెజ్యూమె, పనిలో ఉన్న నర్సు రెజ్యూమె పైకి ఒకేలా కనిపిస్తాయి. పేరు, చదువు, లైసెన్సు, శిక్షణలు, అనుభవం. అందుకే మొదటి ఉద్యోగం వచ్చాక చాలామంది పాత ఫైలు తెరిచి, అనుభవం కింద ఆసుపత్రి పేరు, చేరిన తేదీ రాసి, సేవ్ చేసి మూసేస్తారు. పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ కాగితాన్ని చదివేవాళ్ళు ఇప్పుడు అడిగే ప్రశ్న వేరు. జవాబు మాత్రం పాతదే ఉండిపోతుంది.

విద్యార్థి రెజ్యూమె చదివేవాళ్ళు చూసేది ఒక్కటే: ఈ మనిషికి నేర్పితే వస్తుందా? మార్కులు, క్లినికల్ పోస్టింగులు, చివరి ఏడాది ప్రాజెక్టు, కాలేజీలో వాలంటీరుగా చేసిన పని, ఇవన్నీ ఆ ప్రశ్నకు సాక్ష్యాలు. ఉద్యోగంలో ఆరు నెలలు గడిచాక అదే రెజ్యూమె మరో ఆసుపత్రి నర్స్ మేనేజర్ చేతికి వెళితే ఆమె చూసేది వేరు. ఈ రాత్రి ఈ నర్సుకు ఎలాంటి పేషెంట్లను, ఎంతమందిని అప్పగించవచ్చు? పక్కన ఇంకొకరు నిలబడాలా, అక్కర్లేదా? డ్యూటీ లిస్టు వేసేవాళ్ళ మనసులో రోజూ తిరిగే లెక్క ఇదే. రెజ్యూమె ఆ లెక్కకు అందకపోతే ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

అందరూ రాసే లైను

కొత్త నర్సుల రెజ్యూమెల్లో ఎక్కువగా కనిపించే వాక్యం దాదాపు ఇలా ఉంటుంది: "పేషెంట్లకు మందులు ఇవ్వడం, వైటల్స్ చూడటం, రికార్డులు రాయడం, డాక్టర్లకు సహకరించడం." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. సమాచారం కూడా ఒక్కటీ లేదు. ప్రపంచంలో ఏ ఆసుపత్రిలో పనిచేసే నర్సయినా ఇవన్నీ చేస్తారు. చదివే మేనేజరు ఇరవై ఏళ్ళుగా అవే చేస్తున్నారు. ఆ లైను మీద ఆమె కన్ను ఆగదు.

అదే అనుభవాన్ని ఇలా రాశారనుకుందాం: "పెద్దల మెడికల్-సర్జికల్ వార్డు, 30 పడకలు. పగలు, రాత్రి షిఫ్టులు. షిఫ్టుకు 5 లేదా 6 మంది పేషెంట్లు. ఎక్కువగా పొట్ట ఆపరేషన్ అయి ఒకటి రెండు రోజులైనవారు, షుగర్ అదుపు తప్పి చేరినవారు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఉన్నవారు." ఇందులో గొప్పలేమీ లేవు. అయినా చదివే మనిషికి వార్డు కళ్ళకు కడుతుంది. ఆపరేషన్ అయిన పేషెంట్లంటే డ్రెయిన్లు (గాయం నుంచి ద్రవాన్ని బయటికి తీసే గొట్టాలు), నొప్పి మందులు, మంచం దింపి నడిపించడం, రక్తస్రావం మీద ఓ కన్ను. షుగర్ పేషెంట్లంటే ఇన్సులిన్ లెక్కలు, రాత్రి పూట షుగర్ పడిపోతుందేమోనన్న జాగ్రత్త. ఇవి విడిగా రాయనక్కర్లేదు. పేషెంట్ల రకం సరిగా చెబితే పనులు వాటంతట అవే అర్థమవుతాయి.

సంఖ్య ఒక్కటే రాసి వార్డు రకం వదిలేస్తే అర్థం తలకిందులవుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2004లో నర్సుకు ఇంతమంది పేషెంట్లే ఉండాలన్న నిబంధనను అమల్లోకి తెచ్చింది. దాని ప్రకారం ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరు, మెడికల్-సర్జికల్ వార్డులో (2005 నుంచి) ఐదుగురు పేషెంట్లను మించకూడదు. అంటే "షిఫ్టుకు ఐదుగురిని చూశాను" అన్న మాట వార్డు నర్సు రాస్తే మామూలు విషయం. ఐసీయూ నర్సు రాస్తే చదివేవాళ్ళు ఉలిక్కిపడతారు. ఇలాంటి నిబంధనలు లేని చోట్ల వార్డులో ఒక్కరే పది, పదిహేను మందిని చూసిన వాళ్ళూ ఉంటారు. అదీ రాయాల్సిందే, దాచాల్సిందేమీ లేదు. కాకపోతే ఆ పదిహేను మంది ఎలాంటివాళ్ళో చెప్పాలి. రేపు ఇంటికి వెళ్ళబోయే పదిహేను మంది వేరు, ఆక్సిజన్ మీద ఉన్న పదిహేను మంది వేరు.

చేశానంటే ఎంతవరకు?

రెజ్యూమెలో ఎక్కువ ఆలోచించాల్సింది క్రియాపదాల దగ్గర. కొత్త నర్సు రెజ్యూమెలో నిజాయితీ తెలిసిపోయేదీ, తేలిపోయేదీ అక్కడే.

ఐసీయూ నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిగ్గా తెలుస్తుంది. "వాసోప్రెసర్ డ్రిప్స్ తెలుసు" అని ఒకరు రాశారు. బీపీ పడిపోయిన పేషెంటుకు నార్‌అడ్రినలిన్ లాంటి మందును పంపు ద్వారా కొద్దికొద్దిగా ఎక్కించడం గురించి ఆ మాట. దీనికి కనీసం మూడు అర్థాలున్నాయి. ప్రిసెప్టర్ (కొత్త నర్సుకు పని నేర్పే సీనియర్ నర్సు) ఆ పేషెంటును చూస్తుంటే పక్కన నిలబడి గమనించడం ఒకటి. పంపు ఒక రేటులో పెట్టి ఉంటే ఆ రేటు మార్చకుండా, గంట గంటకూ బీపీ రాసుకుంటూ షిఫ్టు నడపడం రెండోది. ఆర్టీరియల్ లైనులో (ధమనిలో పెట్టే సన్నని గొట్టం) కనిపించే సగటు రక్తపీడనాన్ని 65కు తగ్గకుండా ఉంచమని ఆర్డరు ఉంటే, దాన్ని బట్టి రేటును స్వయంగా పెంచుతూ, తగ్గిస్తూ, సిరంజి అయిపోయే లోపు రెండోది సిద్ధం చేసుకుని, మందు ఒక్క క్షణం కూడా ఆగకుండా మార్చడం మూడోది. మొదటి స్థాయిలో ఉన్న నర్సును మూడో స్థాయి అనుకుని రాత్రి డ్యూటీలో అలాంటి పేషెంటును అప్పగిస్తే ప్రమాదం రెజ్యూమెకు కాదు, మంచం మీద ఉన్న మనిషికి.

అందుకే "తెలుసు", "పరిచయం ఉంది" లాంటి మాటలు పక్కన పెట్టి "గమనించాను", "పర్యవేక్షణలో చేశాను", "స్వయంగా చేస్తున్నాను" అని విడదీసి రాయడం మంచిది. ఇలా రాస్తే తక్కువగా కనిపిస్తామేమో అని కొత్తవాళ్ళకు టెన్షన్. అనుభవం ఉన్న మేనేజర్లు దీన్ని తిరగేసి చూస్తారు. తనకు ఏది రాదో తెలిసిన కొత్త నర్సు సాయం ఎప్పుడు అడగాలో కూడా తెలిసిన నర్సే. ఎనిమిది నెలల అనుభవంతో అన్నీ వచ్చని రాసిన రెజ్యూమె చూస్తేనే వాళ్ళకు భయం.

వెంటిలేటర్ విషయం కూడా ఇలాంటిదే. కొన్ని ఆసుపత్రుల్లో వెంటిలేటర్ సెట్టింగులు రెస్పిరేటరీ థెరపిస్టులు చూసుకుంటారు. కొన్ని చోట్ల ఆ బాధ్యతలో నర్సుకూ వాటా ఉంటుంది. కాబట్టి "వెంటిలేటర్ మేనేజ్‌మెంట్" అన్న పెద్దమాట ఒక చోట ఒక అర్థం, ఇంకో చోట ఇంకో అర్థం ఇస్తుంది. దానికి బదులు సక్షన్ చేయడం (శ్వాసనాళంలోని కఫాన్ని లాగేయడం), నోరు శుభ్రం చేయడం, అలారం మోగితే ముందు పేషెంటును చూసి తర్వాత మిషన్ చూడటం, మత్తు స్థాయిని స్కోరు ప్రకారం అంచనా వేయడం, ఇలా చేసిన పనిని చేసినట్టు రాస్తే ఎక్కడైనా ఒకే అర్థం వస్తుంది.

స్కిల్స్ పక్కన చుక్కలు, గీతలు, శాతాలు వేసే డిజైన్లు ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చాయి. "ఐవీ క్యాన్యులా 90 శాతం, క్రిటికల్ కేర్ 75 శాతం." ఆ తొంభై శాతం ఏమిటో రాసినవాళ్ళకే తెలియాలి. పదిమందిలో తొమ్మిది మందికి మొదటిసారే నరం దొరుకుతుందనా? మిగతా పాతిక శాతం క్రిటికల్ కేర్ ఎవరు చేస్తారు?

నర్సింగ్ పండితురాలు పాట్రీషియా బెనర్ 1980ల మొదట్లో నర్సు ఎదుగుదలను ఐదు దశలుగా వివరించారు. ఆ లెక్కన కొత్తగా పనిలో చేరినవారు రెండో మెట్టు దగ్గర ఉంటారు. నియమాలు తెలుసు, కొన్ని పరిస్థితులు గుర్తుపట్టగలరు, కానీ ఒకేసారి నాలుగు పనులు మీద పడితే ఏది ముందో తేల్చుకోవడానికి ఇంకా సాయం కావాలి. ఒకే రకం వార్డులో రెండు మూడేళ్ళు చేశాకే మూడో మెట్టు, అంటే ఆ పనిలో నిలదొక్కుకోవడం వస్తుందని ఆమె అంచనా. నియామకాలు చేసేవాళ్ళలో చాలామంది ఈ దశల గురించి చదువుకునే వచ్చారు. మొదటి ఏడాది రెజ్యూమెలో "నిపుణురాలు", "నిష్ణాతుడు" అన్న మాటలు చూసి ముసిముసిగా నవ్వుకునేది అందుకే.

సంఖ్యలు ఎక్కడ నప్పుతాయి?

రెజ్యూమె రాయడం గురించి ఎక్కడ చూసినా కనిపించే సలహా: మీరు సాధించింది అంకెల్లో చెప్పండి. అమ్మకాలు ఇంత శాతం పెంచాను, ఖర్చు ఇంత తగ్గించాను. ఇది కంపెనీ ఉద్యోగాలకు బాగానే నప్పుతుంది. నర్సింగ్‌లో దీన్ని యథాతథంగా దించితే తేడా కొడుతుంది. మంచి నర్సింగ్ ఫలితం చాలాసార్లు జరగని సంఘటన. పేషెంటు పడిపోలేదు, వీపు మీద పుండు పడలేదు, తప్పు మందు వెళ్ళలేదు. జరగనిదాన్ని ఒక మనిషి ఖాతాలో వేసి లెక్క చెప్పడం కష్టం.

"వార్డులో సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) ఇన్ఫెక్షన్లు 40 శాతం తగ్గించాను" అని ఏడు నెలల అనుభవమున్న నర్సు రాస్తే ఎవరూ నమ్మరు. అది వార్డు మొత్తం, ఇన్ఫెక్షన్ కంట్రోల్ విభాగం, డాక్టర్లు కలిసి చేసిన పని. అదే మనిషి "సెంట్రల్ లైన్ డ్రెస్సింగుల ఆడిట్‌లో పాల్గొన్నాను, ప్రతి వారం చెక్‌లిస్టు నింపే బాధ్యత నాది" అని రాస్తే చిన్నగా ఉన్నా నిలబడుతుంది. ఇంటర్వ్యూలో దాని గురించి పది నిమిషాలు మాట్లాడగలరు కూడా.

నర్సు రెజ్యూమెలో అంకెలు నప్పేది పని పరిధి చెప్పడానికి: పడకలు, పేషెంట్ల సంఖ్య, వారానికి షిఫ్టులు, ఓరియెంటేషన్ (చేరిన కొత్తలో ఇచ్చే శిక్షణ) ఎన్ని వారాలు, ఎన్నిసార్లు వేరే వార్డుకు ఫ్లోట్‌గా పంపారు. స్థాయి ఏమిటో బయటివాళ్ళకు తెలియని చిన్న ఆసుపత్రి అయితే మొత్తం పడకలు, ఎమర్జెన్సీ ఉందా లేదా, బోధనాసుపత్రా కాదా అన్నది ఒక్క లైనులో చెప్పొచ్చు. ఆసుపత్రి పేరు ఊళ్ళో అందరికీ తెలిసినదే అయినా, రెజ్యూమె వెళ్ళేది ఆ ఊరికి కాకపోవచ్చు.

ఫ్లోట్ డ్యూటీల గురించి ఒక మాట. తెలియని వార్డుకు పంపుతున్నారని అందరూ సణిగే పని అది. రెజ్యూమెలో మాత్రం ఎంతో పనికొస్తుంది. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య, సామాను ఎక్కడుందో తెలియకుండానే షిఫ్టు నెట్టుకొచ్చిన నర్సును ఏ మేనేజరైనా ఇష్టపడతారు.

ఏం తీసేయాలి

తీసివేతల దగ్గర మొహమాటం ఎక్కువ. కష్టపడి సంపాదించిన మార్కులు, పోస్టింగులు కొట్టేయడానికి చేయి రాదు. అయినా పూర్తి స్థాయి ఉద్యోగంలో కొన్ని నెలలు గడిచాక విద్యార్థి దశ పోస్టింగుల జాబితా వెళ్ళిపోవాలి. పీడియాట్రిక్స్ నాలుగు వారాలు, సైకియాట్రీ నాలుగు వారాలు, కమ్యూనిటీ హెల్త్ ఆరు వారాలు అన్నవి ప్రతి నర్సూ చేసినవే. ఒక్క మినహాయింపు ఉంది. ఇప్పుడు పెద్దల వార్డులో ఉన్న నర్సు పిల్లల ఐసీయూకి అప్లై చేస్తుంటే, చివరి ఏడాదిలో అక్కడ చేసిన పోస్టింగు ఒక లైనుగా ఉండొచ్చు. ఆసక్తి నిన్న పుట్టింది కాదని అది చెబుతుంది.

"సవాళ్ళతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను మెరుగుపరచుకునే అవకాశం కోరుతున్నాను" తరహా లక్ష్య వాక్యం కూడా పోవాలి. దాని స్థానంలో రెండు లైన్ల పరిచయం చాలు: ఏ రకం నర్సు, ఎంతకాలం, ఎలాంటి పేషెంట్లు, ఇప్పుడు ఏ విభాగం వైపు చూస్తున్నారు. "కష్టపడే స్వభావం", "టీమ్‌తో కలిసిపోతాను" లాంటివి రాసినా రాయకపోయినా ఒకటే.

నర్సింగ్‌కు ముందు చేసిన ఉద్యోగాల విషయంలో కాస్త ఆలోచించాలి. ఆసుపత్రిలో సహాయకులుగానో, అంబులెన్సులోనో, వృద్ధాశ్రమంలోనో చేసి ఉంటే మొదటి రెండేళ్ళు అది ఉండాలి. పేషెంటు శరీరాన్ని తాకడానికి, తిప్పడానికి, శుభ్రం చేయడానికి జంకు పోయిన మనిషి అని తెలుస్తుంది. షాపులోనో, కాల్ సెంటర్లోనో చేసి ఉంటే ఒక్క లైను సరిపోతుంది, అది కూడా మధ్యలో ఖాళీ కనిపించకుండా ఉండటానికే. ఫోటో, పుట్టిన తేదీ, పెళ్ళి వివరాలు అడిగే దేశాలున్నాయి, అవి ఉంటే పక్కన పెట్టే దేశాలూ ఉన్నాయి. అమెరికా, బ్రిటన్‌లలో వివక్ష ఆరోపణలు రాకుండా వాటిని రెజ్యూమెలో మామూలుగా అడగరు. రెజ్యూమె ఎక్కడికి పంపుతున్నారో చూసుకుని తేల్చుకోవాల్సిన విషయమది.

పేరు పక్కన అక్షరాలు

పేరు వెనక పెట్టే అక్షరాల్లో ఎక్కువ తప్పులు దొర్లుతాయి. అమెరికాలో వాడుకలో ఉన్న వరుస ఇది: ముందు డిగ్రీ, తర్వాత లైసెన్సు, ఆపైన స్పెషాలిటీ సర్టిఫికేషన్. దీని వెనక ఒక తర్కం ఉంది. ఒకసారి వచ్చిన డిగ్రీని మామూలుగా ఎవరూ వెనక్కి తీసుకోరు. లైసెన్సును రెన్యూ చేసుకోవాలి, తప్పు జరిగితే రద్దు కావచ్చు. స్పెషాలిటీ సర్టిఫికేషన్ ఐచ్ఛికం, గడువు తీరితే పోతుంది. పోయే అవకాశం తక్కువ ఉన్నది పేరుకు దగ్గరగా, ఎక్కువ ఉన్నది దూరంగా.

బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే ప్రాథమిక, పై స్థాయి శిక్షణలు) కార్డులను ఈ వరుసలో కలిపేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. అవి స్పెషాలిటీ సర్టిఫికేషన్లు కావు. కోర్సు పూర్తి చేసినట్టు ఇచ్చే కార్డులు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చేవి రెండేళ్ళకు గడువు తీరిపోతాయి. వాటి చోటు కింద శిక్షణల విభాగంలో, గడువు నెల, సంవత్సరంతో సహా. గడువు రాయకపోతే తీరిపోయిందేమోనన్న అనుమానం మిగులుతుంది. నెల రోజుల్లో తీరబోతుంటే ముందు రెన్యూ చేసుకుని ఆ తర్వాతే రెజ్యూమె పంపడం మేలు.

అసలైన స్పెషాలిటీ సర్టిఫికేషన్లు మొదటి ఏడాదిలో చాలావరకు అందవు. ఉదాహరణకు పెద్దల క్రిటికల్ కేర్‌లో సీసీఆర్ఎన్ పరీక్ష రాయాలంటే, ఒక పద్ధతిలో గత రెండేళ్ళలో 1,750 గంటలు నేరుగా ఆ పేషెంట్లను చూసి ఉండాలి. అందులో 875 గంటలు చివరి ఏడాదిలోవై ఉండాలి. దాని కోసం చదువుతున్నవారు "ఫలానా నెలలో రాయబోతున్నాను" అని రాయొచ్చు. పేరు పక్కన మాత్రం ఇప్పుడే పెట్టకూడదు. లైసెన్సుకైతే ఏ దేశం లేదా ఏ రాష్ట్రం ఇచ్చిందో, ఎప్పటివరకు చెల్లుతుందో రాస్తే చాలు. నంబరు ఎలాగూ దరఖాస్తు ఫారంలో అడుగుతారు. ఎక్కడ పడితే అక్కడ అప్‌లోడ్ చేసే రెజ్యూమెలో అది లేకపోతే నష్టమేమీ లేదు.

మనిషి కంటే ముందు చదివేది

పెద్ద ఆసుపత్రులకు ఆన్‌లైన్‌లో పంపిన రెజ్యూమెను చాలాసార్లు ముందు సాఫ్ట్‌వేరు చదువుతుంది. రెండు నిలువు వరుసలుగా విడగొట్టిన డిజైన్లు, టేబుళ్ళు, బొమ్మల్లో ఉన్న అక్షరాలు, పేజీ పై అంచులో దూర్చిన ఫోన్ నంబరు, ఇవన్నీ దానికి గందరగోళం. ఒకే వరుస, మామూలు అక్షరాలు, మామూలు శీర్షికలు ఉంటే గట్టెక్కుతుంది. విభాగాల పూర్తి పేరు, పొట్టి పేరు రెండూ ఒక్కోసారైనా కనిపించాలి. వెతికేవాళ్ళు ఏది టైప్ చేస్తారో చెప్పలేం. వాడిన ఎలక్ట్రానిక్ రికార్డుల సిస్టమ్ పేరు తప్పక రాయాలి: ఎపిక్, సెర్నర్, మరొకటి. సెర్నర్‌ను 2022లో ఒరాకిల్ కొన్నాక దాని పేరు ఒరాకిల్ హెల్త్ అయింది, కాబట్టి రెండు పేర్లూ పెట్టడం మంచిది. సిస్టమ్ ముందే తెలిసిన నర్సుకు శిక్షణ భారం తగ్గుతుంది, ఆసుపత్రికి అది చిన్న విషయం కాదు.

కీవర్డులు ముఖ్యమని చెప్పి, ఉద్యోగ ప్రకటనలోని మాటలన్నీ తెచ్చి స్కిల్స్ కింద కుమ్మరించే అలవాటు కూడా ఉంది. సాఫ్ట్‌వేరు దాటుతుందేమో గానీ తర్వాత చదివే నర్స్ మేనేజర్ దగ్గర దొరికిపోతారు.

పేషెంటు గోప్యత

అరుదైన కేసు చూసినప్పుడు దాన్ని రెజ్యూమెలో పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆసుపత్రి పేరు పైనే ఉంటుంది, పనిచేసిన నెలలూ ఉంటాయి. వాటికి ఆ అరుదైన జబ్బు, పేషెంటు వయసు తోడైతే, పేరు రాయకపోయినా ఆ ఊళ్ళో వాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కింద వచ్చిన గోప్యతా నిబంధనలు పేషెంటును గుర్తుపట్టించే వివరాలను 18 రకాలుగా లెక్కగట్టాయి. అందులో పేరుతో పాటు ఆసుపత్రిలో చేరిన తేదీ లాంటివీ ఉన్నాయి. ఇంకో చోట చట్టం వేరేగా ఉన్నా ధర్మం మాత్రం ఇదే. రెజ్యూమెలో పేషెంట్ల రకాలు ఉండొచ్చు, పేషెంటు ఉండకూడదు. అనుభవానికి రుజువని కేస్ షీటు ఫోటోలు దాచుకోవడం ఇంకా పెద్ద తప్పు, ఉద్యోగం, లైసెన్సు రెండూ చిక్కుల్లో పడతాయి.

ఎప్పుడు మార్చాలి

ఉద్యోగం మారాలనుకున్నప్పుడే రెజ్యూమె గుర్తుకు రావడం సహజం. అప్పటికి వివరాలు జారిపోతాయి. ఓరియెంటేషన్ ఎన్ని వారాలు నడిచింది, ఏ నెలలో స్వతంత్రంగా పేషెంట్లను ఇవ్వడం మొదలుపెట్టారు, ఫలానా శిక్షణ ఎన్ని గంటలు, ఇవి రెండేళ్ళ తర్వాత ఎవరికీ గుర్తుండవు. ఆసుపత్రి శిక్షణ పోర్టల్‌లో సర్టిఫికెట్లు ఉంటాయిలే అనుకుంటారు. ఉద్యోగం వదిలిన రోజే ఆ లాగిన్ ఆగిపోతుంది. ఓరియెంటేషన్‌లో ప్రిసెప్టర్ సంతకాలు పెట్టిన కాంపిటెన్సీ చెక్‌లిస్టు అయితే మరీ విలువైనది. ఏ పని ఏ రోజు పర్యవేక్షణలో చేశారో, ఏ రోజు స్వయంగా చేయగలరని ధ్రువీకరించారో అందులో ఉంటుంది. రెజ్యూమెలోని క్రియాపదాలకు అంతకంటే మంచి ఆధారం లేదు. ఆసుపత్రి అనుమతిస్తే దాని కాపీ తీసుకుని సొంత మెయిల్‌లో దాచుకోవాలి.

కాబట్టి మార్పులకు సరైన సమయం పనిలో మలుపు వచ్చినప్పుడు: ఓరియెంటేషన్ ముగిసిన వారం, రాత్రి షిఫ్టుల్లోకి మారినప్పుడు, మొదటిసారి షిఫ్టు ఇన్‌చార్జ్‌గా నిలిపినప్పుడు, కొత్తగా వచ్చినవారికి నేర్పమని అప్పగించినప్పుడు. చివరి రెండూ ప్రమోషన్లు కావు, జీతం పెరగదు. అయినా ఆసుపత్రి ఆ నర్సును నమ్మిందనడానికి గుర్తులు. నెలకు ఒకసారే ఇన్‌చార్జ్ చేసినా "అవసరాన్ని బట్టి షిఫ్టు ఇన్‌చార్జ్" అని రాయొచ్చు.

ఈ రికార్డు అలవాటు రెజ్యూమెకే కాదు, లైసెన్సుకూ పనికొస్తుంది. బ్రిటన్‌లో నర్సులు మూడేళ్ళకోసారి రీవాలిడేషన్, అంటే రిజిస్ట్రేషన్ కొనసాగింపు, చేయించుకోవాలి. దానికి 450 గంటల పని, 35 గంటల వృత్తి శిక్షణ, ఐదు ఫీడ్‌బ్యాక్‌లు, ఐదు స్వీయ పరిశీలన వ్యాసాలు చూపాలి. మొదటి రోజు నుంచి రాసుకున్నవారికి అది ఓ సాయంత్రం పని. లేనివారు గడువు దగ్గరపడ్డాక పాత మెయిళ్ళు తవ్వుకుంటూ కూర్చుంటారు.

దేశం దాటాలనుకునేవారికి తేదీల పట్టింపు ఇంకా ఎక్కువ. అమెరికా వెళ్ళేవారి పత్రాలను 1977లో సీజీఎఫ్ఎన్ఎస్ పేరుతో మొదలై ఇప్పుడు ట్రూమెరిట్‌గా మారిన సంస్థ, గల్ఫ్ దేశాల లైసెన్సు సంస్థల తరఫున డేటాఫ్లో లాంటి సంస్థలు నేరుగా కాలేజీనీ, ఆసుపత్రినీ అడిగి సరిచూస్తాయి. రెజ్యూమెలో మార్చి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ఏప్రిల్ ఉంటే, అందులో మోసమేమీ లేకపోయినా ఫైలు ఆగుతుంది. హోదా పేరూ అంతే. సర్టిఫికెట్‌లో "స్టాఫ్ నర్స్" అని ఉంటే రెజ్యూమెలో "సీనియర్ క్రిటికల్ కేర్ నర్స్" అని సొంతంగా ప్రమోషన్ ఇచ్చుకోకూడదు.

ముందే మానేసిన ఉద్యోగం

మొదటి ఉద్యోగం ఏడాది తిరక్కుండానే వదిలేసేవారు నర్సింగ్‌లో తక్కువేమీ కాదు. చదివినదానికీ, వార్డులో ఎదురైనదానికీ మధ్య దూరం చూసి కుంగిపోవడాన్ని మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1970ల్లోనే విశ్లేషించి, "రియాలిటీ షాక్" అన్నారు. కాబట్టి ఆరు నెలలకే మానేసిన ఉద్యోగం చూసి నియామకం చేసేవాళ్ళు బిత్తరపోరు. రెజ్యూమెలో కారణాలు, సంజాయిషీలు రాయనక్కర్లేదు. నెలలు, సంవత్సరం రాసి, అక్కడ చేసిన పని మామూలుగా చెప్పాలి. నెలలు ఎగ్గొట్టి సంవత్సరాలు మాత్రం రాసి గ్యాప్ కప్పేద్దామనుకుంటే, అలవాటుపడిన కళ్ళు ముందు వెతికేది అక్కడే.

ఓరియెంటేషన్ మధ్యలోనే, నాలుగైదు వారాలకే మానేసిన ఉద్యోగం ఉంటే చిక్కు ప్రశ్న వస్తుంది. రాయాలా, వద్దా? ఇక్కడ రెజ్యూమెకూ, దరఖాస్తు ఫారానికీ తేడా గుర్తుంచుకోవాలి. రెజ్యూమె నర్సు తనకు తానుగా ఎంచి చూపించే కాగితం. అంత చిన్న ఉద్యోగం వదిలేసినా తప్పు కాదు. దరఖాస్తు ఫారం అలా కాదు. "ఇప్పటివరకు చేసిన ఉద్యోగాలన్నీ రాయండి" అని అడిగి, కింద నిజమేనని సంతకం పెట్టించుకుంటుంది. అక్కడ వదిలేస్తే అది దాచడమవుతుంది. ఉద్యోగంలో చేరాక బయటపడితే తీసేయడానికి అదొక్కటి చాలు. కొత్తవాళ్ళలో చాలామంది రెజ్యూమె చూసుకుంటూ ఫారం నింపేస్తారు, పొరపాటు అక్కడే జరుగుతుంది. పూర్తి ఉద్యోగ చరిత్ర తేదీలతో, సూపర్‌వైజర్ పేరుతో, ఆసుపత్రి చిరునామాతో వేరే ఫైలులో ఉంచుకుని ఫారాలు దాన్ని చూసి నింపాలి. రెజ్యూమెలు ఆ ఫైలు నుంచి ఏ ఉద్యోగానికి తగ్గట్టు ఆ ఉద్యోగానికి తీసుకోవచ్చు.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చాక రెజ్యూమెలోని ప్రతి లైనూ ఒక ప్రశ్నగా మారుతుంది. "డ్రెయిన్ల కేర్ స్వయంగా చేశానన్నారు. ఉన్నట్టుండి డ్రెయిన్‌లో రక్తం ఎక్కువైతే మొదటి ఐదు నిమిషాల్లో ఏం చేస్తారు?" ఆ లైను నిజంగా చేసిన పని నుంచి వచ్చుంటే జవాబు తడుముకోకుండా వస్తుంది: పేషెంటును చూడటం, బీపీ, పల్స్, డ్రెస్సింగ్ తడిసిందా, గంటలో ఎంత వచ్చింది, ఎవరికి ఫోన్, ఏం చెప్పాలి. పంపే ముందు రెజ్యూమెను ఒకసారి ఇలా ప్రశ్నలుగా చదువుకుని, జవాబు రాని లైన్లను తీసేయడమో, "పర్యవేక్షణలో" అని చేర్చడమో చేస్తే సరిపోతుంది. ఒక పేజీ రెజ్యూమెకు ఆ పని అరగంటలో అయిపోతుంది.